ఎలుకల మందు

రామకిషన్ దగ్గర మొదట ఉన్నవి మూడు: మహారాష్ట్రలోని చంద్రపూర్ బజార్లో కిరాణా దుకాణం, భార్య సావిత్రి, ఆమె రొమ్ములో శనగగింజంత గడ్డ.

మొదటి రెండూ లెక్కలోవి. మూడోది లెక్కకు రానంత చిన్నదని అతని అంచనా.

ఒక పొద్దున చాయ్‌పత్తికి వచ్చిన నెరిసిన జుట్టు ఆవిడ తెలుగులో అడిగేసరికి, అతను ముచ్చట పెట్టాడు.

"ఏం పని చేస్తవక్కా?"

"కాలేజీల ఎలుకలకు మందిస్త."

"మంచిగైంది! నా గోదాముకు రెండు పొట్లాలు ఇయ్యరాదు?"

ఆమె పకపకా నవ్వింది. "సంపే మందు గాదు సేటూ. ఆ ఎలుకలకు గడ్డలుంటయి. గడ్డను పెరుగుమని చెప్పే జీన్ ఒకటుంటది, దాని నోరు మూయిస్తం. ఇప్పటికైతే పెరుగుడు నెమ్మదైతంది."

"ఎలుకలకు వైద్యమా! బియ్యం అమ్ముకునేటోని ముంగట అనే మాటేనా ఇది?"

ఆ సాయంత్రానికల్లా బజారంతా ఆమె పేరు ఎలుకలమ్మ. పెట్టింది రామకిషనే.

గడ్డల మాట విన్న సావిత్రి ఒకనాడు ఆమెను లోపలికి పిలిచింది.

"అక్కా, గా మందు నాకు పనికొస్తదా?"

"అది ఇంకా మనుషుల దాకా రాలేదు చెల్లె. ఏదీ, సూడనీ."

తడిమి చూసి, నేరుగా గల్లా దగ్గరికి వచ్చింది.

"సేటూ, ఈమెకు కోత కావాలె. ఈ వారంలనే నాగపూర్ తీస్కపోదాం. నేను గూడ వస్త."

"ఊకెనే వస్తవా? దవాఖానోళ్లు మనిషికి ఎంత కమీషన్ ఇస్తరక్కా?"

ఆమె ముఖం చిన్నబోయింది.

"సరే, నువ్వే తీస్కపో. ఆలస్యం మాత్రం చెయ్యకు."

మళ్లీ ఆ దుకాణం మెట్లెక్కలేదు.

అడగకుండా వచ్చే సాయంలో ఏదో మెలిక ఉంటుందని రామకిషన్ నమ్మకం. గోండ్‌పిప్రి నాటువైద్యుడి నుంచి ఆకుపసరు తెప్పించి గడ్డకు కట్టించాడు.

నాలుగు నెలలకు గడ్డ నిమ్మకాయంత అయింది.

"ఎముకల్లోకి పాకింది. ఇప్పుడు కోసినా ఫలం లేదు," అన్నాడు నాగపూర్ డాక్టర్ మరాఠీలో. "ముందే ఎవరూ చెప్పలేదా?"

"ఒకామె చెప్పింది సాబ్. మా ఊళ్లో ఎలుకలకు మందిస్తుంది."

డాక్టర్ రిపోర్టు కింద పెట్టాడు. "తనూ వస్తానన్నదా?"

"అన్నది."

"అంటే, కోత తానే చేస్తానన్న మాట."

ఇంత బేరంలో రామకిషన్‌కు చివరికి దక్కింది, ఆ డాక్టర్ చెప్పిన పేరొక్కటే: జ్యోతిలక్ష్మి, అదే దవాఖానలో ఇరవై ఏళ్లు రొమ్ము గడ్డలు కోసి, కోసినా మళ్లీ పెరిగేవాటికి మందు వెతుక్కుంటూ ఎలుకల దగ్గరికి వెళ్లిన పెద్ద సర్జన్.