ఇసుకదిబ్బ మీద జామమొక్క

ఏటి నడుమ లంకలో ఒక జామతోట ఉండేది. లంక రేవుకు కావలి కోటమ్మ అనే తొండ. బయటి మొక్క ఏది వచ్చినా ముందు ఎదుటి ఇసుకదిబ్బ మీదే ఉండాలి. దానికి తెగులేమీ లేదని తేలాకే తోటలోకి రానిచ్చేది.

ఒకరోజు భల్లయ్య అనే ఎలుగుబంటి, లంకలో కాపురముంటున్న కూతురి కోసం తన పెరటి జామమొక్కను భుజాన వేసుకొచ్చాడు.

"దాన్ని దిబ్బ మీద ఉంచి మీరు రండి బాబాయిగారూ," అంది కోటమ్మ.

"మా పెరటి మొక్కకు తెగులా? మా వంశంలోనే లేదు. అది రాకపోతే నేనూ రాను," అని భల్లయ్య అలిగి మొక్క పక్కనే కూర్చున్నాడు. కూతురు పాపం అక్కడికే అన్నం పంపింది.

కొన్నాళ్లకు ఆకుల అడుగున తెల్లటి పొడి కనిపించింది.

"చూశావా, విభూతి రాలుతోంది. మహిమగల మొక్క," అన్నాడు భల్లయ్య.

అంతలో ఆ విభూతి మెల్లగా నడవసాగింది.

"అది పిండినల్లి పురుగు," అంది కోటమ్మ. "తోటలోకి పాకితే మీ అమ్మాయికి ఒక్క కాయ మిగలదు."

భల్లయ్య గబుక్కున లేచాడు. మొక్కను తన చేతులతోనే కాల్చేశాడు. బొచ్చులో పురుగేదీ మిగలకుండా ఏట్లో మునిగి మునిగి, అప్పుడు కూతురి గడప తొక్కాడు.

ఆనాటి నుంచి కోటమ్మతోపాటు తనూ కావలి కాశాడు. ఒకనాడు ఆయన భార్య మల్లెమొక్క పట్టుకొచ్చింది.

"మొక్క దిబ్బ మీదే ఉండాలి," అన్నాడు భల్లయ్య.

"కట్టుకున్నదాన్ని, నన్నే ఆపుతారా? అయితే నేనూ ఇక్కడే కూర్చుంటా," అంది ఆవిడ.

భల్లయ్య వెళ్లి, ఆవిడ కోసం ఒక చాప తెచ్చి పరిచాడు.