దానంతట అదే లేచే పెట్టె

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు, తలుపు చాటు సంగతి.

ఆ తలుపు చాటున నిలబడ్డది ఒక ముసలావిడ. గాజులు చప్పుడు కాకుండా మోచేతి దాకా పైకి తోసుకుని, ఊపిరి బిగబట్టి వింటోంది. ముందుగదిలో బల్ల దగ్గర కోడలు, పక్కనే కొడుకు. బల్ల మీద సబ్బుపెట్టెంత మిషన్, దానికి తగిలించిన చిన్న తెర. కొన్నాళ్లుగా ఆఫీసు పని ముగిసిందంటే చాలు, కోడలు దానితోనే కాపురం చేస్తోంది.

"ప్రోగ్రాం ఒక్కటే ఇందులోకి ఎక్కిస్తే బొమ్మలు రాలేదు," అంటోంది కోడలు. "అవి నా కంప్యూటర్‌లో ఉన్నాయనుకుని అక్కడే వెతుకుతోంది. అందుకని ఫొటోలు, గొంతులు, అన్నీ ప్రోగ్రాంతో కలిపి ఒకే మూట కట్టేశాను. ఇక దేన్లో పెట్టినా ఏదీ విడిపోదు."

"మరి నెట్టు?"

"అదే తేలట్లేదు. స్విచ్ వెయ్యగానే ముందు వైఫై కలవాలి, ఆ తర్వాత ప్రోగ్రాం లేవాలి. రెండూ ఒకేసారి లేచి కూర్చుంటున్నాయి. అది కలిసేదాకా ఇది ఆగేలా స్క్రిప్టు రాస్తున్నా. అప్పుడు కరెంటు పోయొచ్చినా దానంతట అదే కలిసి, నా ఫోనుకు కబురు పంపుతుంది. అమ్మ ఏమీ ముట్టుకోనక్కర్లేదు."

"ఆవిడకు చెప్పావా?"

"ఎన్నిసార్లు చెప్పను."

ముసలావిడ తలుపు వదిలి గదిలోకి వచ్చేసింది. ఒక్కసారి కూడా చెప్పలేదే, ఇంత పచ్చి అబద్ధమా? అదలా ఉంచి, కన్నతల్లిని పట్టుకుని వాడు 'ఆవిడ' అంటాడా? పెళ్లయిన దగ్గర్నుంచీ వాడి తీరే మారిపోయింది. మీరు తినండి, మీరు కూర్చోండి అంటూ చుట్టపుచూపుగా వచ్చిన మనిషితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. కోడలేమో అత్తయ్యా అని ఒక్కనాడూ పిలవదు. అమ్మా అమ్మా అంటూ వెన్న రాస్తుంది, పైగా నువ్వు అంటుంది. కొడుకు మీరు, కోడలు నువ్వు. తలకిందుల సంసారం.

ఆ వెన్న ఎందుకో ఆమెకు తెలుసు. ఇల్లు ఆమె పేరున ఉంది.

మంచం మీద కూర్చుని ఒక్కొక్కటే కలిపి చూసుకుంది. కోడలు బీరువాలోంచి పాత ఫొటోలన్నీ తీసుకుపోయింది. ఆమె చేత నాలుగు మాటలు చెప్పించుకుని రికార్డు చేసింది. ఇంకేం కావాలి? తనను తీసుకుపోయి ఎక్కడో వదిలేస్తారు. ఎవరైనా వచ్చి అడిగితే పెట్టె ఆమె గొంతుతో పలుకుతుంది. మనిషి ఉన్నట్టే ఉంటుంది, ఇల్లు చేతులు మారిపోతుంది.

ఈ మాటే ఎదురింటి దర్జీ ఆవిడ చెవిన వేసింది. ఆవిడ అంచు కుడుతూ కుడుతూ ఆగి, దారం పంటితో కొరికి, "మీ పిల్ల అలాంటిది కాదు పిన్నీ," అంది. ముసలావిడ లేచి వచ్చేసింది. ఈమెను కూడా బుట్టలో వేసుకున్నారన్నమాట.

మర్నాడు పెట్టె ఆమె మంచం పక్కకే వచ్చి కూర్చుంది. కోడలూ కొడుకూ పనులకు వెళ్లిన మరుక్షణం ఆమె ప్లగ్గు పీకేసింది. తెర నల్లబడింది. పీడ వదిలిందనుకుంది. కానీ నిజంగా చచ్చిందో లేదో చూడాలి కదా. మళ్లీ గుచ్చింది.

పెట్టె మీద పచ్చచుక్క కాసేపు ఆరుతూ వెలుగుతూ ఉండి, నిలకడగా నిలిచింది. ఆ తర్వాతే తెర వెలిగింది. లోపలి నుంచి ఆమె గొంతే పలికింది: "ఇది నా ఇల్లు. వంటగది కుడిపక్క తలుపు. సాయంత్రానికల్లా అందరూ వచ్చేస్తారు." వెంటనే ఫొటోలు. రెండు జడల పిల్ల. ముందుపన్ను ఊడిన పిల్ల. బడిసంచీ తగిలించుకుని మూతి ముడుచుకున్న పిల్ల. ముసలావిడకు ఒళ్లు మండింది.

పావుగంట కాకముందే వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. కోడలు చెప్పులతోనే లోపలికి పరుగెత్తుకొచ్చింది.

"మిషన్ ఆగి లేచిందని కబురొచ్చింది. ఏమైందమ్మా?"

"అయితే నా మీద కాపలా పెట్టావన్నమాట."

"పెట్టాను. నువ్వొక్కదానివే ఉంటున్నావుగా."

"నన్నెక్కడికి పంపించేస్తున్నారు? ఆ సంగతి చెప్పు."

కోడలు ఆమె పక్కన కూలబడింది. ఎక్కడికీ పంపకుండా ఉండటానికే ఇదంతా అని నెమ్మదిగా చెప్పింది. ఒంటరిగా వదలొద్దన్నారట డాక్టరు, ఏదైనా ఆశ్రమంలో చేర్చమన్నారట, తనే ఒప్పుకోలేదట. ఎక్కడున్నానో తోచక భయమేస్తే ఆ తెర వైపు చూస్తే చాలునట, ఇది తన ఇల్లేనని అది చెబుతుందట.

ముసలావిడ తెర వైపు చూసింది. తన గొంతుతో తన ఇల్లు తనదేనని చెప్పించిన మనిషి ఇల్లు లాక్కోదేమో. అయినా ఒక ముల్లు మాత్రం దిగబడే ఉంది.

"అన్నీ నీ చిన్నప్పటి బొమ్మలే పెట్టుకున్నావు," అంది. "నా కొడుకుది ఒక్కటీ లేదేం? నా ఇంట్లో నా బిడ్డనే లేకుండా చేస్తావా?"

కోడలు ఆమె చెయ్యి అందుకుంది.

"దొరకలేదమ్మా. వెతికి పెడతాను."

"వెతుకు మరి," అంది ముసలావిడ కాస్త మెత్తబడి. "వాడు ఫొటోకని నిలబెడితే కుదురుగా నిలబడేవాడు కాదు. అందుకే తక్కువుంటాయి."

ఊ కొట్టింది కోడలు, ఆమె చెయ్యి వదలకుండా.

ఇదీ కథ. గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. వినేవాళ్లు కోడల్ని తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి, అడ్డుపడకండి. మిగిలిన ఒక్క ముక్క మాత్రం ఆఖరున చెప్పండి.

ఆవిడకు కొడుకులే లేరు.