బాయి కాడ కావలి

"మా నాయినను సంపింది నువ్వే గదా, చిన్నాయినా?"

జనార్ధన్ అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోయి ఆగాడు. అడిగింది తృప్తి. పదిహేడేళ్ళ పిల్ల. తండ్రి పోయినప్పటి నుంచి తనను సాకిన మనిషిని, తింటున్న కంచం ముందే నిలబడి అడిగేసింది. వెనక అక్క శృతి. వంటింటి గడపలో తల్లి సత్యమ్మ, చేతిలో పులుసు గిన్నె.

"ఏం మాటలే అవి? అన్నం తిననియ్యి," అంది సత్యమ్మ.

"నువ్వాగే అమ్మా! నీకు గూడ ఎరుకే. ఇద్దరు గలిసి మమ్మల్ని పిచ్చోళ్ళను జేసిండ్రు."

అసలు సంగతి పొద్దున మొదలైంది. అత్వెల్లిలో వాళ్ళ పొలం వెంచర్ వాళ్ళకు అమ్ముడుపోయింది. 2006లో మేడ్చల్ రోడ్డు పక్కన అమ్ముడుపోని పొలం ఏదుంది గనక! బావి పూడ్చడానికి జేసీబీ వస్తోందంటే చూద్దామని అక్కాచెల్లెళ్ళు బయల్దేరారు. చిన్నప్పటి నుంచి జనార్ధన్ వాళ్ళను ఆ దరిదాపులకు రానిచ్చింది లేదు. మెట్ల మీద నుంచి జారిపడి తండ్రి పోయిన బావి. చూడాలని ఉండదా మరి?

అక్కడ పాత జీతగాడు కుర్మయ్య గట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"జారి పడుడేంది బిడ్డా? ఎవలు జెప్పిండ్రు? మోటరు వైరు అతికియ్యనీకె బాయిల దిగిండు మీ నాయిన. పైన ఎవలో స్టార్టర్ ఒత్తిండ్రు. కరెంటు వట్టి పాణం వోయింది."

బావిలో మనిషి దిగితే పైన స్టార్టర్ డబ్బా దగ్గర ఒకరు కావలి ఉండాలి. రైతు ఇంట పుట్టిన ఎవరికైనా తెలిసిన సంగతే.

"ఆ పొద్దు కావలి ఎవలు, తాతా?" శృతి అడిగింది.

"మీ చిన్నాయినే. నేను ఉరికొచ్చేసరికి డబ్బా మీద చెయ్యి వెట్టి నిలవడ్డడు. నోరు మెదిపితే పాణం తీస్త అన్నడు. ఇగ భూమే పోయినంక నాకేం భయం?"

ఇంకేముంది! అన్నీ ఒకటొకటిగా అతుక్కున్నాయి. పోలీసులకు చెప్పకుండా మధ్యాహ్నానికల్లా దహనం చేయించింది జనార్ధన్. అన్న భూమి సాగు చేసుకున్నది జనార్ధన్. పెళ్ళి మాటెత్తకుండా వదిన ఇంట్లోనే ఉండిపోయింది జనార్ధన్. ఊళ్ళోవాళ్ళ నవ్వులకు అర్థం ఇప్పుడు తెలిసింది. తండ్రి ముఖం కూడా గుర్తులేదు తృప్తికి. గండిమైసమ్మ బోనాలకు భుజాల మీద ఎత్తుకుపోయిన ఈయనే తండ్రి అనుకుని బతికింది.

"జెప్పు! స్టార్టర్ ఒత్తింది నువ్వే గదా?"

సత్యమ్మ గిన్నె కింద పెట్టేసింది. "జనార్ధన్..." అంది.

"నువ్వు మాట్లాడకు వదినె." అతను కంచంలోనే చెయ్యి కడిగేశాడు. "అవు బిడ్డా. నేనే ఒత్తిన."

బుకాయిస్తాడనుకుంది. తిడతాడనుకుంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడని తృప్తి అనుకోలేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

"ఎందుకు? భూమి కోసమా? అమ్మ కోసమా?"

"ఏదనుకుంటే అది అనుకో."

"థూ! నీ చేతి ముద్దలు తిని పెరిగిన. నా మీద నాకే అసయ్యమైతాంది. నిన్ను జైలుకు పంపకుంటే సూడు!"

"పంపియ్యి. టేషన్‌కు నేనే వస్త." జనార్ధన్ చెప్పులు వేసుకున్నాడు. "నీ స్కూటీ మీదనే పోదాం పా. రోడ్డు మీద లారీలుంటయి, మెల్లగ నడుపు."

ఆ మాటకు తృప్తికి ఒళ్ళు మండిపోయింది. జైలుకు పోతూ కూడా ఎంత నటన! స్కూటీ తీసింది. అతను వెనక కూర్చున్నాడు. శృతి గేటు తెరిచింది.

సత్యమ్మ పరుగెత్తుకొచ్చి బండి తాళం గుంజుకుంది.

"వదినె, వద్దు! నీ కాళ్ళు మొక్కుత," అన్నాడు జనార్ధన్.

"ఇగ నాతోని గాదు!" సత్యమ్మ కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "డబ్బా మీది పచ్చ బటన్ ఒత్తితే నీళ్ళొస్తయని మీ నాయినే నీకు నేర్పిండు బిడ్డా, ఆయన బాయిల దిగిన పొద్దు నీకు నాలుగేండ్లు."