తలుపు గుర్తుపట్టలేదు

వీధిలో బండి దగ్గర కరివేపాకు తీసుకుని సత్యవేణి వచ్చేసరికి సొంత ఇంటి తలుపే "ఎవరండీ మీరు?" అని అడిగింది.

ఆ కాలానికి ప్రతి ఇంటికీ నెట్‌లో ఒక డొమైన్, అంటే సొంత చిరునామా, వచ్చేసింది. అది ఎవరి పేరున ఉంటే తలుపూ పొయ్యీ వాళ్ళ మాటే వినేవి. లోపల్నుంచి పాలు మాడుతున్న వాసన. వెంటనే డొమైన్ ఇచ్చిన రిజిస్ట్రార్ ఆఫీసుకి ఫోన్ చేసింది.

"మీ డొమైన్ పొద్దున్నే వేరేవాళ్ళ పేరు మీదికి మారిపోయిందండి. రహస్య ప్రశ్నకి జవాబు సరిగ్గానే చెప్పారు," అంది ఫోన్ స్పీకర్లో అమ్మాయి.

"ఏం ప్రశ్న?"

"మీ ఇలవేల్పు ఎవరని."

"మరిడమ్మ తల్లని ఊరందరికీ తెలుసు కదమ్మా!"

"అందుకే ఫోన్‌కి వచ్చే కోడ్‌తో రెండో తాళం పెట్టుకోమన్నామండి. ప్రతిసారీ కోడ్ కొట్టడం విసుగని మీరే తీయించేశారు."

చుట్టాలంతా ఆ ఆఫీసులోనే డొమైన్ తీసుకున్నారని తనూ అక్కడే తీసుకుంది. అంతకు మించి ఆలోచించిందెక్కడ?

"వెనక్కి రప్పిస్తామండి. ముందు కొత్త రహస్యం ఒకటి చెప్పండి. మీకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు."

సత్యవేణి ఒక్కొక్కటే తలుచుకుంది. ముద్దుపేరా? వీధంతా అలాగే పిలుస్తుంది. నక్షత్రమా? గుళ్ళో పూజారిగారు మైకులోనే చదువుతారు. ఇన్నేళ్ళ బతుకులో తనకొక్కదానికే తెలిసిన సంగతి ఒక్కటీ లేదా?

ఇదంతా వింటున్న ఎదురింటి నూకరత్నం పిట్టగోడ మీంచి వంగి కేకేసింది.

"వదినా! మీ ఆడపడుచు పెట్టిన చీర పనమ్మాయికిచ్చేసి, తీగ మీంచి ఎవరో పట్టుకుపోయారన్నావు చూడు, అది చెప్పెయ్. ఆ సంగతి ఎవరికీ తెలీదు!"