బుధవారం కడగని మెంబ్రేన్

"నిన్న మళ్లీ కడగలేదు కదూ?" ప్రెషర్ ముల్లు చూస్తూ నిలదీసింది టెక్నీషియన్.

"మర్చిపోయానండీ," అన్నాడు ఆపరేటర్.

పచ్చి అబద్ధం. అపార్ట్‌మెంట్ల మురుగునీటిని తేటగా మార్చే ఆ ప్లాంటులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. నీటిని వడకట్టే మెంబ్రేన్‌లను రోజూ వెనకనుంచి నీళ్లు తోసి కడగాలని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. బుధవారం మాత్రం కడగడు. వాటి సన్నటి రంధ్రాలు జిడ్డుతో కాస్త మూసుకుపోతే, గురువారం వచ్చే ఆమెకు ఇంకో గంట పని పడుతుంది. మహానుభావుడు ఆ గంట కోసమే వారమంతా బతుకుతాడు.

"మూసుకుపోయాక రుద్దితే ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు!" అంటూ తొడుగులు వేసుకుందామె. దారప్పోగుల కట్టల్లా ఉన్న మెంబ్రేన్‌లను మందునీళ్లలో పెట్టి, అవి నానేలోగా అతనిచ్చిన టీ తాగింది.

"రెండు బస్సులు మారి వస్తారు. మీ కంపెనీవాళ్లకి జాలి లేదండీ."

"పని కదా."

"వాన పడుతున్నా పంపిస్తారు."

ఆమె కప్పులోకి చూస్తూ నవ్వింది.

మెంబ్రేన్‌లు బిగించాక ముల్లు కిందికి దిగింది. సంచి సర్దుకుంటూ, "వచ్చే వారం నుంచి నేను రాను," అంది.

"అదేంటండీ?"

"ఎన్నాళ్లని రమ్మంటారు?"

నిజమే, ఇంత దూరం తిరిగితే ఎవరికైనా విసుగొస్తుంది అనుకున్నాడు. వెళ్లొద్దని చెప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"ఏమైనా చెప్పాలా?"

"అదే... సంతకం ఏమైనా పెట్టాలా అని. ఎప్పుడూ కాగితం తీసుకురారు మీరు."

"అక్కర్లేదు," అనేసి బస్‌స్టాప్ వైపు నడిచింది.

నోరుంది ఎందుకు, టీ తాగడానికా అని తనను తానే తిట్టుకున్నాడు. ఆమె లేని గురువారం ఎలా గడుస్తుందో ఊహకందలేదు. చివరికి ఉండబట్టలేక కంపెనీకి ఫోన్ చేశాడు.

"మెంబ్రేన్ మేడమ్‌ని మార్చకండమ్మా. ప్రతి గురువారం ఆవిణ్నే పంపించండి," అని బతిమాలాడు.

అవతల అమ్మాయి కంప్యూటర్‌లో వెతికింది. "మీ ప్లాంటుకి మేం పంపేది మూడు నెలలకోసారే కదండీ?"

"లేదమ్మా, వారం వారం వస్తారు. ఇవాళ కూడా వచ్చారు."

"ఇవాళా?" ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. "గురువారం ఆవిడకి సెలవండీ."