నత్త రాసిన బ్లాగు

ఆటల సైట్‌లో సభ్యుల చేత బ్లాగులు రాయించడం ఆమె ఉద్యోగం. వాళ్లు రాసినదాంట్లోంచి కంపు ఊడ్చిపారేయడం అతని ఉద్యోగం. అందుకే ఆఫీసులో అతన్ని అందరూ చీపురు అనేవాళ్లు. ఆమెను మాత్రం అక్క అనేవాళ్లు.

బ్లాగుల ఆలోచన ఆమెదే. "ఆడి వెళ్లిపోతారు, మళ్లీ ఎప్పుడొస్తారో తెలీదు. నాలుగు ముక్కలు రాయడం అలవాటైతే ఇక్కడే ఉండిపోతారు" అని యజమానిని ఒప్పించింది. సభ్యులందరికీ సైట్ పేరు మీద సందేశాలు పంపింది. "ఎలా రాయాలా అని ఆలోచించకండి. తప్పులుంటే ఉండనివ్వండి. మనసులో ఉన్నది రాయండి."

ఎవరి మనసులో ఏముందో వారం తిరక్కుండానే తెలిసింది.

కత్తిరించుకున్న గోళ్లను సీసాలో దాచుకునేవాడొకడు ఆ సీసా ఫొటో పెట్టాడు. ఇంకొకడు తన వీపు మీది కురుపు ఎలా పగిలిందో రంగూ వాసనా వదలకుండా వర్ణించాడు. మరొకడు ఆటలో తనను ఓడించిన అమ్మాయిని ఏడు తరాలు వెనక్కి వెళ్లి మరీ తిట్టాడు. ఆ తిట్లు నచ్చి వేరేవాడు వాటిని ఎత్తుకెళ్లి తన బ్లాగులో అంటించుకున్నాడు, అచ్చుతప్పులతో సహా.

చీపురు టిఫిన్ డబ్బా తెరిచాడు. స్క్రీన్ వైపు చూశాడు. మళ్లీ మూసేశాడు.

"రాయమని బతిమాలింది చాలక్కా. ఇక మానెయ్యమని బతిమాలుదాం."

"బావి తవ్వితే ముందు బురదే వస్తుంది" అందామె.

"ఇది బావి కాదక్కా, మురిక్కాలవ. ఎంత తవ్వినా ఇదే."

ఆమె అప్పటికే ఇంకో సందేశం టైపు చేస్తోంది. అది నత్తకి.

నత్త అన్నది ఆ సైట్‌లో ఒక పాత సభ్యుడు పెట్టుకున్న పేరు. పొద్దస్తమానం కోటలు కట్టే ఆట ఆడతాడు. ఎవరితోనూ మాట కలపడు. జట్టులోకి పిలిస్తే రాడు. మిగతావాళ్లకు ఒక సందేశం వెళితే అతనికి పది వెళ్లేవి. జవాబు ఉండేది కాదు.

"ఈపాటికి బండరాయైనా కరిగేది. వాడి వెనక పడతారేంటక్కా?" అని నవ్వాడు చీపురు.

"కరిగితే నీకేం నష్టం?"

కరిగింది. ఒక మధ్యాహ్నం నత్త రాశాడు.

"మా ఇంట్లో ఒక మనిషి ఉంది. రోజూ నా గది తలుపు తడుతుంది. భోజనం తెచ్చానంటుంది. ఆ గొంతులోంచి జాలి జిడ్డులా కారుతుంది. ఎంత కడుక్కున్నా వదలదు. ఆ అడుగుల చప్పుడు వింటేనే నాకు డోకు. నేను చస్తే ఆవిడ హాయిగా బతుకుతుంది. అయినా చావనివ్వదు. బతికినంత కాలం నన్ను మేపి, తన మంచితనం చూసుకుని మురిసిపోవాలి."

సాయంత్రానికి దాని కింద తిరునాళ్లలా జనం చేరారు. "పెళ్లాలంతా ఇంతే గురూ" అన్నాడొకడు. "పళ్లెం ఎత్తి మొహాన కొట్టు" అన్నాడు ఇంకొకడు.

చీపురు చెయ్యి డిలీట్ బటన్ మీదికి పోయింది. కురుపు గురించి చదివినప్పుడు కూడా అంత తొందరపడలేదు.

"కట్టుకున్నదాని చేతి కూడు తింటూ ఆమె మీదే ఉమ్ముతున్నాడు. తీసేస్తున్నా."

"ఉంచు."

"అక్కా, మీరూ ఆడవాళ్లే. ఇది చదివితే అసహ్యం వెయ్యట్లేదా మీకు?"

"వేస్తోంది. ఉంచు."

అతను చూస్తుండగానే ఆమె కింద జవాబు రాసింది. "బాగా రాశారు. ఆపకండి. రేపూ రాయండి."

మర్నాడూ రాశాడు నత్త. అంతకన్నా ఛండాలంగా రాశాడు. ఆవిడ దగ్గు గురించి. నెరిసిన జుట్టు గురించి. ఏడుపు బయటికి వినపడకుండా కుళాయి తిప్పుకుంటుందనీ, ఆ దొంగ ఏడుపు తనకు వినిపిస్తూనే ఉంటుందనీ. ప్రతిదాని కిందా ఆమె జవాబు ఒక్కటే. "బాగా రాశారు. ఇంకా రాయండి."

చీపురు యజమాని దగ్గరికెళ్లి మొత్తుకున్నాడు. "జనం ఎగబడి చదువుతున్నారయ్యా. బంగారు గుడ్డు పెట్టే బాతుని పట్టుకుని కంపంటావేంటి?" అన్నాడు యజమాని.

ఆ రోజు నుంచి చీపురు ఆమెను అక్కా అనడం మానేశాడు. మేడమ్ అన్నాడు. కుర్చీ గోడ వైపు జరుపుకున్నాడు. నత్త కన్నా ఆమె అంటేనే అతనికి ఎక్కువ రోత పుట్టింది. వాడికి బుద్ధి లేదు సరే, అన్నీ తెలిసి ఇంకొకావిడ కన్నీళ్లతో సైట్‌కి జనాన్ని పోగేస్తున్న ఈమెను ఏమనాలి?

కొన్నాళ్లకు నత్త చిన్నగా ఒకటి రాశాడు.

"బండి నడిపింది నేనే. పక్క సీట్లో మనిషి పోయాడు. నాకు గీత కూడా పడలేదు. ఆ రోజు నుంచీ ఆవిడ నన్ను పల్లెత్తు మాటనలేదు. ఒక్కసారి తిడుతుందేమోనని ఇన్నాళ్లూ తలుపు వెనక కూర్చున్నాను. తిడితే తీసేవాణ్ణి."

చీపురు చదివి మొహం చిట్లించాడు. "చేసిందంతా చేసి, ఇప్పుడు కొత్త నాటకం. చెప్పండి మేడమ్, దీనికీ బాగా రాశారనే రాస్తారా?"

ఆమె ఏమీ రాయలేదు. కంప్యూటర్ కూడా ఆపకుండా బ్యాగు భుజాన వేసుకుని, అందరూ పనిలో ఉండగానే మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఇల్లు చేరి, మూసి ఉన్న గది తలుపు ముందు నిలబడి, తన భర్తను పొట్టన పెట్టుకున్న తమ్ముణ్ణి ఆమె మొదటిసారి నోరారా తిట్టింది.