గుర్రపు కొరడా

చిన్నరాయప్ప బురుజెక్కడం ఇది మూడోసారి. ఎప్పటి రాజులదో ఆ పాత బురుజును బాగుచేసి మ్యూజియం పెట్టారు. రెడ్డిగూడెం నుంచి మండుటెండలో పడి వస్తాడు. ఫిరంగి గుండ్ల వంక, కత్తుల వంక కన్నెత్తి చూడడు. తిన్నగా వెళ్ళి ఒకే అద్దాల పెట్టె ముందు నిలబడతాడు.

అందులో ఓ తోలు కొరడా. దాని కింద చీటీ: 'గుర్రపు కొరడా. రామచంద్రరావు గారి కుటుంబం బహూకరణ.'

"మళ్ళీ వచ్చారా అండీ?" అన్నాడు క్రాంతి కుమార్. మ్యూజియం బాధ్యత అతనిదే. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. చిన్నరాయప్పకు ఆ మర్యాదే మింగుడుపడదు. కసిరితే తిరిగి కసరొచ్చు గదా.

"ఆ చీటీలో గుర్రం అన్న మాట తీసెయ్యండి. అది అబద్ధం."

"కొరడా అబద్ధమా?"

"కొరడా నిజమేనండి. అల్లింది మా నాన్న. ఏడు ముడులుంటాయి, చూసుకోండి."

క్రాంతి కుమార్ వంగి లెక్కపెట్టాడు. ఏడే. అతని మొహం వెలిగిపోయింది.

"ఈ మాట ముందే చెప్పరేంటండీ. నాన్నగారి పేరు చెప్పండి, చీటీ మీద వేయిస్తాను."

"ఆయన పేరొద్దు."

తండ్రి పోయి ముప్పై ఏళ్ళు దాటింది. కోపం మాత్రం పోలేదు. రావుగారు అల్లమంటే మాత్రం, అల్లి చేతికివ్వాలా?

"రావుగారింట్లో గుర్రం ఏనాడూ లేదండి. ఉన్నది జీపు. దీన్ని మామిడి కాపు రోజుల్లోనే బయటికి తీసేవారు."

"అయితే గుర్రమెక్కి తోటకి కాపలా తిరిగేవారేమో."

చదువుకున్నవాడికి సర్దుబాటు మాటలకేం కొదవ. చిన్నరాయప్పకు ఒళ్ళు మండింది.

"కాపలాకేనండి. రాలిన కాయైనా ముట్టనిచ్చేవారు కాదు. గుర్రం మాత్రం లేదు."

"చూడండి, ఇచ్చినవాళ్ళ మాట కాదని రాయాలంటే ఆధారం కావాలి. నోటిమాట చాలదు. కాయితమో, ఫొటోనో ఉందా?"

"కాయితం లేదండి. ఆధారం ఉంది."

క్రాంతి కుమార్ అతని చేతుల వంక చూశాడు. రెండూ ఖాళీయే.

"ఏదండీ మరి?"

చిన్నరాయప్ప చొక్కా విప్పి, పదేళ్ళప్పుడు తేలిన వాతలు ఇంకా చెరగని తన వీపును అతనివైపు తిప్పాడు.